అర్థమైందిట!

మొన్నో ఆదివారం మా అపార్టుమెంటులో సన్మానసభ జరిగింది. ఎవరికి, ఎందుకు అనేది వదిలేద్దాం. శాలువాలు మిగిలితే సన్మానాలు వాటంతటవే జరుగుతుంటాయి. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ఓ యూనివర్సిటీలో ముప్ఫయ్యేళ్ళకి పైగా లెక్కలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. మైకు చేతికి రాగానే సన్మానం సంగతి మరిచిపోయి కుర్రకారు మీద పడ్డారు. "ఈ కాలం పిల్లలకి బుర్రలు అద్దెకి దొరుకుతున్నాయండీ! ఫోను తీస్తారు, లెక్క ఫొటో కొడతారు, జవాబు దించుతారు. ఈ ఏఐలూ, చాట్‌జీపీటీలూ కాలేజీ గేటు దాటి లోపలికి రాకుండా నిషేధిస్తే తప్ప దేశంలో గణితం బతకదు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనయితే చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి మరీ కొట్టాను.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఎందుకో చెబుతాను.

నేను 1980లో బి.ఎస్సీ. లెక్కలు పాసయినదాన్ని. క్లాసులో డెబ్భైమంది మగపిల్లలుంటే ఆడపిల్లలం ఆరుగురం, ముందు బెంచీలో బిక్కుబిక్కుమంటూ. రెండో ఏడు లిమిట్లు చెబుతున్నారు మాస్టారు. బోర్డు నిండా ఎప్సిలాన్లూ డెల్టాలూ. నాకో అనుమానం వచ్చింది. "దగ్గరవుతూ, దగ్గరవుతూ ఉంటుందంటున్నారు గదా, మరి ఎప్పటికి చేరుతుంది సార్?" అని లేచి అడిగాను. అడగడానికి వారం రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను సుమండీ! ఆయన సుద్దముక్క కింద పెట్టి, "రేపు అత్తారింట్లో చారులో ఉప్పెంత వెయ్యాలో తెలిస్తే చాలమ్మా నీకు, ఎప్సిలాన్ ఎంతయితే ఏం?" అన్నారు. డెబ్భైమందీ గొల్లుమన్నారు. ఆ నవ్వు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలో వినిపిస్తుంది.

ఆ తరవాత డిగ్రీ అయ్యేదాకా నేను ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. బజార్లో గైడు కొనుక్కున్నాను. సిద్ధాంతాలన్నీ కామాలూ ఫుల్‌స్టాపులతో సహా బట్టీపట్టాను. ఫస్టుక్లాసొచ్చింది. మా నాన్నగారు వీధి వీధంతా మిఠాయి పంచారు. లిమిటంటే ఏమిటో మాత్రం నాకు తెలియలేదు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, ఇంట్లో ఇంటర్మీడియట్ పిల్లలకి ట్యూషన్లు మొదలెట్టాక, ఓ మధ్యాహ్నం వేళ కూరలు తరుగుతుంటే తట్టింది. చేరడంతో దానికి పనే లేదు, ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరకి రాగలదా లేదా అన్నదే ప్రశ్న అని. అప్పటికి నాకు ముప్ఫయ్యొక్కేళ్ళు. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. మావారు ఆఫీసుకెళ్ళారు.

ఇప్పుడు చెప్పండి. జవాబు అద్దెకి తెచ్చుకోవడం నిన్న పుట్టిందా? నా గైడు రెండు రూపాయలో మూడు రూపాయలో. మాట్లాడేది కాదు, అంతే తేడా.

మా మనవరాలు ఇక్కడే ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ మా ఇంట్లోనే ఉంటోంది. ఆదివారం పూట దాని స్నేహితురాళ్ళు ముగ్గురు పెసరట్ల కోసం వస్తారు, చదువుకోడానికి అని పేరు. సభ మర్నాడు ఆ నలుగుర్నీ కూచోబెట్టి అడిగాను. "ఒసేయ్, నిజం చెప్పండి, ఆ ఫోనుతో లెక్కలు నేర్చుకుంటున్నారా, కాపీ కొడుతున్నారా?"

పొడుగుజడ అమ్మాయి ముందు నోరు విప్పింది. "అమ్మమ్మగారూ, అది విసుక్కోదండీ. ఒకే డౌటు పదిసార్లు అడిగినా పదకొండోసారి కూడా మంచి ప్రశ్న అంటుంది." వింటుంటే నా గుండె ఒక్కసారి కలుక్కుమంది. విసుక్కోకపోవడం కూడా ఒక గుణమైపోయిందన్నమాట, అదీ మిషనులో వెతుక్కోవాల్సినంత!

కళ్ళజోడు అమ్మాయి మాటకి పదునెక్కువ. "క్లాసులో సార్ స్లయిడ్లు తిప్పేసి వెళ్ళిపోతారండీ. మేం అరవై ఆరుమందిమి. ఆపి అడిగితే సిలబస్ అవదంటారు. సిలబస్ అవుతుంది, మాకే ఏదీ అవదు" అంది.

మూడో అమ్మాయిది కర్నూలు వైపు పల్లెటూరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్తు బడిలో తెలుగు మీడియం. నెమ్మదిగా చెప్పింది. "నాకు లెక్క రాక కాదు అమ్మమ్మా, ఇంగ్లీషులో చెప్పేసరికి లెక్క యాడుందో కనపడదు. రాత్రిపూట ఫోనులో తెలుగులో చెప్పమని అడుగుతా. అవకలనం, సమాకలనం అని మా బడిలో మాటలతోనే చెబుతుంది. అప్పుడు, ఓ ఇదేనా అనిపిస్తాది." ఫస్టియర్లో తప్పిన లెక్కల పేపరు ఈ పిల్ల రెండోసారికి కట్టింది, గట్టెక్కింది. ప్రొఫెసరు గారి నిషేధం అమలై ఉంటే ఈ పిల్ల ఈపాటికి ఊళ్ళో పెళ్ళిచూపులకి ముస్తాబవుతూ ఉండేది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. వెయ్యేళ్ళ తరవాత మన కాలేజీల్లో తెలుగులో ఓ డౌటు తీర్చే దిక్కు లేక ఆ పని మిషనుకి అప్పజెప్పాం. ఇందులో సిగ్గుపడవలసింది ఆ పిల్లా?

ఇక మా మనవరాలు. అదేమో తల వంచుకుని పెసరట్టు ముక్కలు చేస్తూ, "అంతా బానే అర్థమవుతుంది అమ్మమ్మా. పరీక్ష హాల్లో మాత్రం చెయ్యి కదలదు" అంది.

ఇది గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాను.

ప్రొఫెసరు గారి వాదం ఒకవైపు. రెండోవైపు మా అక్క కొడుకున్నాడు, డాలస్‌లో. వాడిది దానికి పూర్తిగా ఎదురు. "పిన్నీ, ఇంకా పిల్లల్ని లెక్కలతో చంపుతారేంటి? 2025 జూలైలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళదీ, ఓపెన్‌ఏఐ వాళ్ళదీ రెండు మిషన్లూ ఆరింట్లో ఐదు లెక్కలు చేసి, 42కి 35 మార్కుల స్థాయి, అంటే బంగారు పతకం స్థాయి అందుకున్నాయి. ఇంకా మన పిల్లలు నేర్చుకునేదేముంది?" అంటాడు.

ఉండరా నాయనా! మా ఇంట్లో మిక్సీ ఉంది. గోంగూర పచ్చడి నాకన్నా మెత్తగా రుబ్బుతుంది. అంతమాత్రాన నాలిక తీసి గూట్లో పెట్టుకోలేదు నేను. ఉప్పు చాలిందో లేదో నేనే చూడాలి. మిషను చేసిన లెక్క తప్పో ఒప్పో చెప్పే నాలిక ఎక్కణ్ణించొస్తుంది? పదిసార్లు చేతులు కాల్చుకుని వండితే వస్తుంది. వంతెనకి డిజైను వేసేవాడికీ, మందు మోతాదు లెక్కగట్టేవాడికీ ఆ నాలిక లేకపోతే ఆ వంతెన మీద నడిచేదీ, ఆ మందు మింగేదీ మనమే గదా. వీడు అమెరికాలో కూచుని ఈ మాట అనగలుగుతున్నాడంటే, చిన్నప్పుడు మా అక్క వాణ్ణి అరుగు మీద కూచోబెట్టి ఎక్కాలు ఒప్పజెప్పించుకోబట్టి. తను ఎక్కి వచ్చిన నిచ్చెన లాగేస్తానంటే ఎలా?

సరే, మనవరాలి సంగతికొస్తాను. అసలు నేను కలం పట్టింది అందుకే.

ఓ రాత్రి అది లెక్క చేస్తుంటే పక్కన కూచున్నాను. ఒకటి బై ఎక్స్ స్క్వేర్, మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా ఇంటెగ్రేట్ చెయ్యాలి. లెక్కలు చదవనివాళ్ళు బెదరకండి, నేను చెబుతాను. ఓ గీత ఉంది, ఆ గీత కింద ఎంత జాగా ఉందో కొలవాలి, అంతే. మా పిల్ల సూత్రం వేసింది, టకటకా చేసింది, మైనస్ రెండని రాసి కింద రెండు గీతలు కొట్టింది. నేను చూశాను. ఎక్స్ ఎంతయినా గానీ దాని స్క్వేర్ ప్లస్సే అవుతుంది. అంటే ఆ గీత ఎప్పుడూ నేల మీదే ఉంటుంది గానీ కిందకి దిగదు. మరి జాగా మైనస్ ఎలా వచ్చిందే? ఇంట్లోకి డబ్బు రావడమే గానీ పైసా ఖర్చు లేని నెలలో ఆఖరికి అప్పు తేలితే పద్దు రాసిన ఏ ఇల్లాలయినా ఊరుకుంటుందా?

అది తెల్లమొహం వేసింది. వెంటనే ఫోను తీసి మిషన్నడిగింది. అబద్ధమెందుకు, మిషను చక్కగా చెప్పింది. సున్నా దగ్గర ఆ గీత ఆకాశానికి ఎగిరిపోతుంది, అక్కడ సూత్రం వెయ్యకూడదు, రెండు ముక్కలు చేసి చూడాలి, చూస్తే ఆ జాగాకి అంతులేదు, కాబట్టి దీనికి జవాబుగా ఏ అంకె రాసినా తప్పే అని బొమ్మతో సహా వివరించింది. నాకు లెక్కలు చెప్పినవాళ్ళెవరూ ఇంత ఓపిగ్గా చెప్పలేదు. మా పిల్ల చదివి, తల ఊపి, "అర్థమైంది అమ్మమ్మా" అని పుస్తకం మూసేసింది.

నేను ఊరుకోవచ్చుగా? ముప్ఫయ్యేళ్ళ ట్యూషను బుద్ధి ఎక్కడికి పోతుంది! మర్నాడు కూరగాయల చీటీ వెనకాల ఇంకో లెక్క రాసిచ్చాను. ఒకటి బై, ఎక్స్ మైనస్ ఒకటి హోల్ స్క్వేర్. సున్నా నుంచి మూడు దాకా. చూడ్డానికి చీర మార్చుకుంది గానీ మనిషి నిన్నటి మనిషే. గొడవ సున్నా దగ్గర కాకుండా ఒకటి దగ్గర. మా పిల్ల గబగబా చేసి, మైనస్ మూడు బై రెండని రాసి, రెండు గీతలూ కొట్టి, కాలేజీ బస్సుకి పరుగెత్తింది.

మళ్ళీ మైనస్!

చూశారా? అబద్ధం చెప్పలేదు పిల్ల. రాత్రి నిజంగానే అర్థమైందనుకుంది. సంగీతం కచేరీ విని వచ్చిన రాత్రి మనకీ అలాగే ఉంటుంది, రాగం గొంతులోనే ఉన్నట్టు. పొద్దున్న లేచి పాడబోతే తెలుస్తుంది.

ఇది మా ఇంటి కథే అనుకోకండి. తుర్కియేలో ఓ హైస్కూల్లో సుమారు వెయ్యిమంది పిల్లలతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు మరికొందరితో కలిసి చేసిన పరిశోధన 2025లో అచ్చయింది. ఒక జట్టుకి పుస్తకాలూ నోట్సూ మాత్రమే. ఇంకో జట్టుకి అడిగిందల్లా చెప్పే మామూలు చాట్‌బాటు. మూడో జట్టుకి జవాబు చెప్పెయ్యకుండా టీచర్లు తయారుచేసిన సూచనలు మాత్రం ఇచ్చే చాట్‌బాటు. అభ్యాసం చేసేటప్పుడు పుస్తకాల జట్టు కంటే మామూలు చాట్‌బాటు జట్టు 48 శాతం, సూచనల జట్టు 127 శాతం మెరుగ్గా చేశాయి. ఆ తరవాత అన్నీ లాగేసుకుని పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాటు వాడిన పిల్లలు, అసలేదీ వాడనివాళ్ళకంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల జట్టుకి ఆ నష్టం దాదాపు లేదు. అన్నిటికంటే నన్ను కదిలించింది ఏమిటంటే, వెనకబడ్డ పిల్లలకి తాము వెనకబడ్డామని తెలియనే లేదు. వాళ్ళూ అర్థమైందనే అనుకున్నారు. హైస్కూలు పిల్లల సంగతి కదా, కాలేజీ వాళ్ళు వేరనే వాళ్ళకి నా చీటీ చూపిస్తాను.

అయితే నిషేధించమనే గదా తేలింది అంటారేమో. తేలలేదు. బ్రిటన్‌లో యూనివర్సిటీ విద్యార్థులని అడిగితే ఏదో ఒక రకంగా ఏఐ వాడుతున్నామన్నవాళ్ళు 2024లో 66 శాతం, 2025లో 92 శాతం. నిషేధించి ఏ గేటు దగ్గర ఎవర్ని ఆపుతారు? పైగా, విసుక్కోకుండా చెప్పే నోరొకటి మొదటిసారి దొరికిన పిల్లని ఆ నోరు మూసెయ్యమనడానికి నాకు చేతులు రావు. ఆ రోజుల్లో నాకది ఉంటేనా! ముప్ఫయ్యొకటో ఏట తట్టింది పంతొమ్మిదో ఏటే తట్టేది. బహుశా ఎమ్మెస్సీ చదివేదాన్ని. బహుశా ఏమిటి, చదివేదాన్నే.

నా కోపం పిల్లల మీదా కాదు, మిషను మీదా కాదు. ఎవరి మీదో చెప్పేస్తాను, ఏమనుకున్నా సరే.

ఇంటర్మీడియట్ రెండేళ్ళూ పొద్దున ఆరింటినుంచి రాత్రి పదింటిదాకా పిల్లల్ని గదుల్లో కుక్కి, లెక్క చూడగానే జవాబు నాలుగింట్లో ఏదో పసిగట్టడం నేర్పించింది ఎవరు? ఎంసెట్‌లో నిమిషానికో లెక్క. ఆలోచించడానికి కూచున్న పిల్ల ర్యాంకులో వెనకబడుతుంది. ఇప్పుడు పేరు మారి ఈఏపీసెట్ అయింది, ఇందులోనూ మూడు గంటల్లో నూటఅరవై ప్రశ్నలు. ఇంజనీరింగ్‌కి వచ్చాక, పాత ప్రశ్నపత్రాలు ఐదు తిరగేస్తే చాలు పాసు ఖాయమనేట్టు పరీక్షలు పెడుతోంది ఎవరు? జవాబొక్కటే చాలు అని పన్నెండేళ్ళు నేర్పి, ఆ జవాబు ఉచితంగా ఇచ్చే మిషను రాగానే పిల్లలు పాడైపోయారని మైకు పట్టుకుంటే ఎలాగండీ ప్రొఫెసరు గారూ? ముప్ఫయ్యేళ్ళలో మీరు సెట్ చేసిన పేపర్లలో, ఎందుకు, అని అడిగిన ప్రశ్నలెన్ని?

మీరూ నవ్వకండి, మనకీ ఉంది వాత. పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే మనం అడిగేదేమిటి? ఎన్నొచ్చాయి? పక్కింటి అమ్మాయికెన్నొచ్చాయి? ఎలా చేశావే, నాకూ చెప్పు అని ఎప్పుడైనా అడిగామా? నాకు లెక్కలు రావుగా అంటారు. చెప్పేది పిల్ల, వినేది మీరు. రాకపోవడమే మంచిది. వచ్చినవాళ్ళం నాలాగా మధ్యలో అడ్డొస్తాం.

రామానుజన్ మాట ఎత్తకుండా లెక్కల వ్యాసం ముగించకూడదట మన దేశంలో. ఎత్తుతాను గానీ వేరే సంగతికి. పదహారో ఏట ఆయనకి దొరికిన పుస్తకం జార్జ్ కార్ అనే ఇంగ్లండు ట్యూషన్ మాస్టారు రాసిన సినాప్సిస్. ఐదువేల దాకా ఫలితాలు. నిరూపణలు చాలావాటికి లేవు, ఉన్నా ముక్తసరి. ఒకరకంగా అదీ జవాబుల పుస్తకమే, నా గైడుకి పెద్దన్న. కాకపోతే రామానుజన్ జవాబు చూసి పుస్తకం మూసి అర్థమైందనలేదు. జవాబు దొరికిన చోటే ఆయన పని మొదలైంది. పలక మీద రాసి, మోచేత్తో చెరిపి, మళ్ళీ రాసి ఒక్కొక్కటే తనంతట తాను నిలబెట్టుకున్నాడు. కాయితం కొనే స్తోమత లేక పలకనుకోండి, అది వేరే కథ.

అందరూ రామానుజన్లు కాలేరులెండి. ఆ సంగతి మా మనవరాలి మైనస్ మూడు బై రెండే చెబుతోంది. కానీ ప్రతి కాలేజీలోనూ బోర్డులున్నాయి, సుద్దముక్కలున్నాయి. ఇంట్లో ఎలాగైనా చేసుకు రానివ్వండి, ఫోను చూసి, స్నేహితురాల్ని చూసి, అమ్మమ్మని చూసి. కాలేజీలో మాత్రం వారానికోసారి ఒక్కొక్కళ్ళనీ బోర్డు దగ్గరకి పిలిచి, ఈ మెట్టు ఎందుకు వేశావమ్మా అని అడగండి. తప్పు చెబితే నవ్వకండి. నవ్విన మగపిల్లల్ని బయటికి పంపండి. అరవై ఆరుమందికి ఎలా కుదురుతుందంటారా? ఇంకో మాస్టార్ని వెయ్యండి. ఫీజులు గట్టిగానే తీసుకుంటున్నారుగా! చాట్‌బాట్లు పెడతాం అంటే, జవాబులు కక్కేవి కాకుండా తుర్కియే మూడో జట్టుకిచ్చిన లాంటివి పెట్టండి. ఆ నలుగురు పిల్లలూ నాతో అన్నదీ ఇంచుమించు ఇదే. ఎవరూ వాళ్ళని అడగలేదు గానీ.

ఆ సాయంత్రం మనవరాలు రాగానే చీటీ దాని ముందు పెట్టాను. తప్పని చెప్పలేదు. "ఇది నాకు చెప్పవే, గోంగూర ఒలుస్తూ వింటాను" అన్నాను. "ఏముంది అమ్మమ్మా" అంటూ మొదలుపెట్టింది. మొదటి మెట్టు చెప్పింది, రెండో మెట్టు చెప్పింది, జవాబు దగ్గరకొచ్చి, "మైనస్... " అని ఆగిపోయింది. చీటీ వంక చూసింది. చెయ్యి ఫోను మీదకి పోయింది. నేనేమీ అనలేదు. తనే వెనక్కి తీసుకుంది. పెన్సిలు తీసుకుని గీత గీయడం మొదలెట్టింది. సున్నా దగ్గర మొదలై, ఒకటి దగ్గరకొచ్చేసరికి పెన్సిలు పైకి, పైకి, కాయితం అంచు దాకా వెళ్ళింది.

నాకు నోరు ఊరుకోదు గదా. "అదీ! అక్కడే..." అన్నాను.

"ఉండు అమ్మమ్మా, నువ్వు చెప్పకు" అంది.